పుల్ల వంగిన చోటు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ మంచిది, నాకూ మంచిది. మధ్యలో ఎవరైనా "నిజమేనా?" అని అడిగితే తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోతాను.

నా పేరు చెంచురామయ్య. సముద్రానికి మైలు దూరంలో, ఇసక మేటల మధ్య మా ఊరు. కోవూరు వాళ్లకు పెన్న కాలవలున్నాయి. గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే మళ్లోకి నీళ్లు వస్తాయి. మాకు ఆ భోగం లేదు. ఇసకలో దొరువు తవ్వుకోవాలి, అందులోకి దిగాలి, రెండు కడవలు ముంచుకుని ఎక్కిరావాలి, మిరప నారుకు పోసుకోవాలి, మళ్లీ దిగాలి. దొరువంటే బావి అనుకునేరు. పళ్లెంలాగా వెడల్పుగా, నాలుగు వైపులా వాలుగా తవ్వుకునే గుంట. ఇసకను నిటారుగా తవ్వితే నిలవదు.

ఆ దొరువు ఎక్కడ తవ్వాలో ఊళ్లో వాళ్లకు చెప్పేవాణ్ణి నేను. నేనని అనకూడదు, పుల్ల చెప్పేది. వేపకొమ్మలో పంగ ఉన్న పుల్ల చూసి కోసి, రెండు కొసలు రెండు పిడికిళ్లలో పట్టుకుని, మూడో కొస ముందుకు చాపి, చెప్పులు లేకుండా నడిచేవాణ్ణి. నీళ్లున్న చోట పుల్ల కిందికి వంగేది. మా నాయన చేతిలో వంగేది, ఆయన పోయాక నా చేతిలో వంగింది. అందుకు డబ్బు ముట్టుకోకూడదు. కడుపు నిండా తిని నడవకూడదు. ఇంకొక ఆచారం కూడా ఉంది. నీళ్లు ఎవరికి కావాలో ఆ ఇంటి ఆడమనిషి నిండుచెంబు పట్టుకుని నా పక్కనే నడవాలి, పుల్ల వంగిన చోట ఆ నీళ్లు పొయ్యాలి. నీళ్లు నీళ్లను పిలుస్తాయని మా నాయన చెప్పేవాడు. ఆయన చెప్పినదాన్ని కాదనే అలవాటు మా ఇంట్లో లేదు.

పుల్ల వంగేటప్పుడు ఎలా ఉండేదో చెప్పమని చాలామంది అడిగారు. మధ్యాహ్నం చెట్టు కింద కునుకు పడుతుందే, అలా ఉండేది. నిద్రా కాదు, మెలకువా కాదు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతుంది గాని ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఎండకు ఇసక మీద గాలి కదులుతూ ఉంటుంది, దూరాన తాటిచెట్లు నేల వదిలి పైకి లేచినట్టుంటాయి, సముద్రం చప్పుడు చెవుల్లోంచి కాకుండా అరికాళ్లలోంచి వస్తుంది. చేతులు మాత్రం ఎక్కడో దూరంగా, వేరే మనిషికి ఉన్నట్టుంటాయి. ఆ దూరంలో ఎవరో పుల్ల కొస పట్టుకుని కిందికి లాగుతారు. బిగపట్టి ఆపాలని చూసేవాణ్ణి. ఆగేది కాదు. పిడికిళ్లలో తోలు ఊడివచ్చేది. తోలు ఊడేదాకా ఆపినవాడే వంచాడంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో నా చెల్లెలు ఆదిశేషమ్మ వాళ్లకు దొరువు చూశాను. దాని మొగుడు పోలేరయ్య, నాకు బావ. నెమ్మదస్తుడు, నేను పది మాటలు తిడితే ఒక నవ్వు నవ్వేవాడు. వాళ్ల మిరప చేను ఎకరం పైనే ఉంటుంది. అంత చేనులో పుల్ల సరిగ్గా ఇంటి వెనక, గోడకు నాలుగు బారల దూరంలో వంగింది. అక్కడ తవ్వితే మూడు వైపులా వాలు వస్తుంది గాని ఇంటి వైపు రాదు. గోడ అడ్డం. "పరవాలేదులే బావా, ఆ పక్క మెట్లుగా కొట్టుకుంటా," అన్నాడు పోలేరయ్య. మూడో రోజు సాయంత్రం ఆ పక్క ఇసక జారింది. ఆయన అడుగున ఉన్నాడు. చేటలతో తోడాం, చేతులతో తోడాం. తోడినంతా మళ్లీ లోపలికే జారింది. మొహం కనపడేటప్పటికి అయిపోయింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "పుల్ల చూపించింది, నేను గాదు." ఎవరూ అడగలేదు. అడగకుండానే అన్నాను. శవం పక్కన కూర్చున్న నా చెల్లెలు తల ఎత్తి చూసి, "అవునన్నా, పుల్లే చూపించింది. నువ్వేం జేస్తావు," అంది. ఐదేళ్లు మేమిద్దరం ఆ ఒక్క మాట మీద బతికాం. నేను దిగులుగా కనిపిస్తే అది అనేది. అది ఏడిస్తే నేను అనేవాణ్ణి. అన్నాక ఇద్దరం లేచి ఎవరి పనికి వాళ్లం పోయేవాళ్లం.

ఆ తర్వాత నేను పుల్ల పట్టలేదు. కొడవలూరు నుంచి ఎవరో బండి కట్టి పంపిస్తే బండివాణ్ణి తిట్టి పంపేశాను. పట్టడం మానేశాను గాని ఒక జబ్బు పట్టుకుంది. అన్నం ముద్ద నోటి దాకా వస్తుంటే, దీన్ని తెస్తున్నది ఎవరు అని చూసేవాణ్ణి. నేను తెమ్మన్నానా? అనలేదే. మరి ఎవరన్నారు? బండి మీద కునుకు తీస్తే ఎద్దులు ఇంటికి తీసుకొచ్చేవి. వచ్చింది ఎద్దులా, నేనా? కాలు ముందు కదిలిందా, కదలాలనే మనసు ముందు పుట్టిందా అని గమనించబోతే ఉన్న చోటే నిలబడిపోయేవాణ్ణి. ఊళ్లో వాళ్లు నాకు మతి చెదిరిందనుకున్నారు. అనుకోనీ, వాళ్లకు మతి ఉంటే గదా పోల్చుకోవడానికి.

ఒక కల కూడా వచ్చేది. కలలో ఇసక నీళ్లలాగా తేటగా ఉంటుంది. నేను పైన నడుస్తుంటాను. నా అరికాళ్ల కింద పోలేరయ్య తల్లకిందులుగా నడుస్తుంటాడు. ఆయన కాళ్లూ నా కాళ్లూ ఒక్కచోటే పడుతుంటాయి. నేను ఆగితే ఆయన ఆగుతాడు. "బావా, ముందు ఎవరు ఆగినారు?" అని అడుగుతాను. ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు బతికున్నప్పటి నవ్వే, అందులో కోపం లేదు. అదే నాకు భరించలేనిది.

అరవై రెండులో, గాలివాన పోయిన తర్వాత, ఆదిశేషమ్మ మా ఇంటికి వచ్చింది. తను నీళ్లు మోసుకునే పాత దొరువు ఇసకతో పూడిపోయింది.

"అన్నా, పుల్ల పట్టు," అంది.

"పట్టను."

"నారు ఎండిపోతా ఉండాది. పది దినాలు పోతే పీకి పారెయ్యాల్సిందే. ఆ నారు తప్ప నాకేముండాది?"

"నీకు బుద్ధుందా? ఆ పుల్ల చేసిన పని చాలదా నీకు?"

"పుల్ల చూపించింది, నువ్వేం జేస్తావన్నా," అని ఎప్పటి మాటే అంది. కాని నా మొహం చూడకుండా అంది.

నేను దాన్ని నానా మాటలూ తిట్టి ఇంట్లోంచి బయటపడ్డాను. నడుస్తూ నడుస్తూ బడి దగ్గర తేలాను. అక్కడికి పోవాలని అనుకోలేదు. మిషన్ బళ్లో పంతులు పరంజ్యోతి గారు నల్లబల్ల తుడుస్తున్నాడు. నెల్లూరు మనిషి, ఎండ లేకపోయినా గొడుగు చంకలో ఉంటుంది. ఊళ్లో నా కోపాన్ని లెక్కచెయ్యని మనిషి ఆయన ఒక్కడే.

"సార్, పుల్ల దానంతటది వంగుతుందా, నేను వంచుతుండానా?" అని అడిగాను. ఐదేళ్ల నుంచి లోపల తిరుగుతున్న మాట మొదటిసారి బయటికి వచ్చింది. నేను వంచి ఉంటే పోలేరయ్యను ఆ గుంటలోకి పంపింది నేను. పుల్లే వంగి ఉంటే నాకు పాపం లేదు. ఇంతకన్నా నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆయన నవ్వలేదు. "తెలుసుకోవచ్చు చెంచురామయ్య గారూ. కాని తెలుసుకున్నాక తెలియనట్టు ఉండలేరు మీరు."

"మీ దేవుణ్ణి అడిగి చెబుతారా ఏంది?"

"ఇంత చిన్నదానికి దేవుడెందుకండీ, మీ భుజం మీద తువ్వాలు చాలు," అన్నాడు.

మర్నాడు శనివారం. పొద్దున్నే ఏమీ తినకుండా కొత్త పుల్ల కోసుకుని చెల్లెలి చేలోకి పోయాను. ఆదిశేషమ్మ చెంబుతో నిలబడి ఉంది. పంతులు చేను చివర గొడుగు వేసుకుని నిలబడ్డాడు. మొదటిసారి కళ్లు తెరుచుకునే నడిచాను. ఐదేళ్లయినా చేతులు మర్చిపోలేదు. నాలుగడుగులు వేసేసరికి కునుకులాంటిది వచ్చి కమ్ముకుంది. నారుమడికి దగ్గర్లో, జంట తాటిచెట్లకు ఇవతల పుల్ల వంగింది. చెల్లెలు నీళ్లు పోసింది. పంతులు ఆ చెట్లనూ కంచె మూలనూ చూసి చోటు గుర్తుపెట్టుకున్నాడు.

రెండోసారి నా తువ్వాలుతోనే కళ్లకు గంతలు కట్టి, గిరగిరా మూడు చుట్లు తిప్పి వదిలాడు. తూర్పేదో పడమరేదో తెలియలేదు. చీకట్లో నడిచాను. ఆ చీకటి వెచ్చగా ఉంది. సముద్రం అన్ని వైపుల నుంచీ వినపడింది. పక్కన చెంబులో నీళ్లు కదిలే చప్పుడు, చెల్లెలి కాళ్ల కింద ఇసక నలిగే చప్పుడు. ఎంతసేపు తిరిగానో చెప్పలేను. చిన్నప్పుడు తిరనాళ్లలో నిద్రపోతే మా నాయన భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవాడు, అలాగే ఎవరో మోసుకుపోతున్నట్టుంది. అంతలో పుల్ల లాగింది. గంతలు విప్పి చూస్తే నా కాలికి జానెడు దూరంలో ఇందాక పోసిన నీళ్ల తడి.

"చూసినారా సార్? చూసినారా?" అన్నాను. కళ్లు నీళ్లతో నిండిపోయాయి, నాకు సిగ్గనిపించలేదు. పుల్లే, నేను కాదు. బావా, నేను కాదు. ఐదేళ్ల బరువు దిగిపోయి ఒళ్లు తేలిపోతున్నట్టుంది. పంతుల్ని కౌగిలించుకోబోయి ఆగాను, మర్యాదగా ఉండదని.

పంతులు గడ్డం రుద్దుకున్నాడు. "ఇంకొక్కసారి నడవండి. ఈసారి ఆదిశేషమ్మ గారిని ఇంటి అరుగు మీద కూర్చోమందాం."

"అట్ట కుదరదు. ఆచారం తప్పితే వంగదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ మాట. మీరే గదా తెలుసుకోవాలన్నారు?"

"నేనూ నడుస్తా సార్," అంది చెల్లెలు. "ఎప్పుడూ నడిచేదే గదా. నేను నడిస్తే ఏం పోయె?" పంతులు గొడుగుతో అరుగు వైపు చూపించాడు. అది చెంబు అక్కడే పెట్టి అరుగు మీదికి పోయింది.

మళ్లీ గంతలు, మళ్లీ మూడు చుట్లు. నడిచాను. చీకటి ఉంది, సముద్రం ఉంది, కునుకు మాత్రం రాలేదు. నా అడుగుల చప్పుడు ఒక్కటే వినపడుతుంటే ఎటు పోవాలో తోచలేదు. ఇటు పోయాను, అటు పోయాను. చేతుల్లో వేపపుల్ల ఉంది. అది ఉత్త వేపపుల్ల, అంతకు మించి ఏమీ లేదు. రమ్మని బతిమాలుకున్నాను, లోపల లోపలే బూతులు కూడా తిట్టాను. చివరికి కంచె ముళ్లు ఛాతీలో గుచ్చుకుంటే ఆగాను. గంతలు విప్పి వెనక్కి చూశాను. నా అడుగులు రెండుసార్లు ఆ చోటు మీదుగానే పోయి ఉన్నాయి. ఒకసారి సరిగ్గా తడిసిన ఇసక మీదే కాలు వేశాను. కాలికి తగిలే ఉంటుంది, చేతికి మాత్రం తెలియలేదు.

పంతులు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఈ ఇసకలో ఎక్కడ తవ్వినా పన్నెండు అడుగుల్లో నీళ్లు పడవా రామయ్య గారూ? మీ పుల్ల ఎప్పుడైనా తప్పిందా? తప్పడానికి చోటేదీ?" ఇంకోరోజైతే గొడుగు లాక్కుని విరిచేసేవాణ్ణి. ఆరోజు ఇసకలో కూలబడ్డాను. పక్కనున్న మనిషి అడుగు నెమ్మదిస్తే నా చెయ్యి వంగింది. అంతే. నాలుగూళ్లలో నా పేరు అదే. పేరు పోతే పోయింది. పోలేరయ్య?

ఆదిశేషమ్మ అరుగు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"శేషమ్మా, పుల్ల కాదుమే. నా చెయ్యే. బావను ఆ గుంటలోకి పంపింది నేనే. నన్ను నాలుగు తన్ను," అన్నాను.

"నువ్వు గాదన్నా."

"నీకు తెలియదు. పంతులు ఇప్పుడే..."

"నాకు తెలుసు. ఐదేండ్లుగా తెలుసు." అది నా ఎదురుగా ఇసకలో కూర్చుంది. "ఆ దినం నీతో నడస్తా ఉంటే నా భుజం మండిపోతా ఉండాది. దినానికి నలభై కడవలు మోస్తా ఉంటి. ఇంటెనక పడితే పొయ్యి మీద కూడు చూసుకుంటా నీళ్లు పోసుకోవచ్చు గదా అనుకుంటి. నేను ఆగితే మా అన్న ఆగతాడేమో అనుకుంటి. ఆగినా. నువ్వు ఆగినావు. పుల్ల వంగింది. నాకు భయమేసి చెంబు వొంపేసినా. ఆ మాట మీ బావకు గూడా చెప్పలేదు. పుల్ల చూపించింది అని నువ్వంటే, అవునని గట్టిగా పట్టుకున్నా. నీకోసం అన్లేదన్నా ఆ మాట, నాకోసం అన్నా."

నాకు కోపం రావాలి. అది నాకు సహజం. ఐదేళ్లు నన్ను ఇట్టా ఎందుకు వేపినావే అని అరవాలి. అంతలో దాని కుడి భుజం మీద కాయ కాసిన చోటు కనపడింది. అంత చిన్న ఆశకు అంత శిక్షా అని గుండె చెరువైపోయింది. అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత మేము చేసింది చెబితే నవ్వుతారు. కొట్లాడుకున్నాం. "చెయ్యి నాది, వంచింది నేను," అని నేను. "ఆగింది నేను, నేను ఆగకపోతే నీ చెయ్యి ఏం జేసుండేది?" అని అది. ఐదేళ్లు ఇద్దరం పుల్ల నెత్తిన పెట్టి వదిలించుకున్నదాన్ని ఆరోజు ఒకరికొకరం ఇవ్వనంటే ఇవ్వనని గుంజుకున్నాం. పంతులు మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. బడికి వేళైందని చెప్పి వెళ్లిపోయాడు. శనివారం ఆయనకు బడి లేదు. మంచివాడు.

నారు మాత్రం మా ఏడుపు కోసం ఆగదు గదా. ఎండ నడినెత్తికి వచ్చింది.

"ఇప్పుడు యాడ తవ్వాల?" అంది ఆదిశేషమ్మ మొహం తుడుచుకుని.

నేను లేచి చేనంతా చూశాను. ఉత్త కళ్లతో చూశాను. ఎక్కడ నాలుగు వైపులా వాలు వస్తుంది, ఎక్కడ గరిక మొలిచి ఇసకను పట్టుకుని ఉంది, ఎక్కడి నుంచి నారుమడి దగ్గర. ఇంత సులువైన చూపు నలభై ఏళ్లలో ఒక్కసారి చూడలేదు నేను. సులువే గాని ఒళ్లంతా చెమటలు పట్టాయి. కునుకు లేదు, ఎవరూ లాగడం లేదు, చేతులు మణికట్ల దగ్గరే ఉన్నాయి. వేలు చాపి చూపించాలంటే ఆ వేలు పుట్టెడు బరువుంది.

"ఈడ," అన్నాను. జంట తాటిచెట్ల దగ్గర కాదు, దానికి ఉత్తరంగా పది బారల దూరాన.

"ఆడ వద్దు, ఇంకొంచెం ఇవతలికి రా," అంది. నేను తిట్టాను. అది తిరిగి తిట్టింది. అరగంట వాదులాడుకుని రెండు బారలు ఇవతలికి జరిగాం.

పార తీసుకున్నాను. కూలివాణ్ణి పిలుద్దామంది, వద్దన్నాను. సాయంత్రానికి నడుము లోతు అయింది, రెండో రోజుకు తల లోతు. నాలుగు వైపులా వాలు వదిలాను, అయినా అడుగుకు పోయేకొద్దీ ఇసక గింజలు జారుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. మూడో రోజు పొద్దున నా చెల్లెలు గుంట గట్టున నిలబడి కిందికి చూసింది.

"అన్నా, జారితే?"

ఐదేళ్ల నుంచి నోటి దగ్గరే ఉన్న మాట ఒకటి ఉంది. అది అలవాటుగా నాలిక మీదికి వచ్చింది. మింగేశాను.

"జారితే, మా అన్న చూపించిన చోట జారిందని చెప్పు," అన్నాను.

"మేమిద్దరం చూపించిన చోట అని చెబతా," అంది.

నేను దిగబోతుంటే ఆపి, చేంతాడు తెచ్చి నా నడుముకు కట్టింది. రెండో కొస తన నడుముకు చుట్టుకుంది. ముడి రెండుసార్లు లాగి చూసి, "ఊఁ, దిగు," అంది.